కారు మెరుపులో కోటింగ్ వాటా ఎంత?

కొత్త కారు డెలివరీ రోజు దగ్గరపడగానే షోరూం నుంచి ఫోన్ వస్తుంది. ఇన్సూరెన్స్, ఎక్స్‌టెండెడ్ వారంటీ, సీటు కవర్లు, మ్యాట్‌లు అన్నీ అయ్యాక కోటింగ్ మాట ఎత్తుతారు. టెఫ్లాన్ అయితే ఇంత, సిరామిక్ అయితే ఇంత. బండి అద్దంలా మెరుస్తుంది, నీళ్లు నిలవవు, గీతలు పడవు, ఐదేళ్లదాకా చూసుకోనక్కర్లేదు అని నాలుగు మాటలూ కలిపి చెబుతారు. ఈ నాలుగూ ఒకే తూకానివి కావు. నీళ్లు నిలవవన్నది చాలావరకు నిజం. గీతలు పడవన్నది నిజం కాదు. చూసుకోనక్కర్లేదన్నది అసలే కాదు. ఇక మిగిలింది మెరుపు. ఎక్కువమంది డబ్బు పెట్టేది దానికోసమే. కానీ ఆ మెరుపులో కోటింగ్ వాటా చాలా చిన్నది. కోటింగ్ వేయడానికి ముందు జరిగే పాలిషింగ్, వేశాక కారును కడిగే పద్ధతి, ఈ రెండే దాన్ని నిర్ణయిస్తాయి.

కారు మీద పడిన వెలుతురు రెండు రకాలుగా తిరిగొస్తుంది. కొంత పైపొర మీదే తగిలి, వచ్చిన కోణంలోనే వెనక్కి పోతుంది. ఎదురుగా ఉన్న చెట్టు, కరెంటు స్తంభం, మనిషి ముఖం బానెట్‌లో కనబడేది ఈ వెలుతురు వల్లే. మిగిలింది పారదర్శకంగా ఉండే పైపొరను దాటి లోపలికి వెళ్లి, రంగు పొరలోని రేణువులకు తగిలి, అన్ని దిక్కులకూ చెదిరి బయటికొస్తుంది. మనకు రంగుగా కనిపించేది ఇది. కారు పైపొర వక్రీభవన గుణకం, అంటే వెలుతురును అది ఎంత వంచుతుందో చెప్పే అంకె, సుమారు 1.5. ఎదురుగా నిలబడి చూసినప్పుడు అలాంటి పొర నుంచి నేరుగా ప్రతిఫలించేది పడిన వెలుతురులో 4 శాతమే. వాలుగా చూసేకొద్దీ అది పెరుగుతుంది.

కారు నల్లదైనా తెల్లదైనా ఆ 4 శాతం ఒకటే. తేడా అంతా రంగు పొర దగ్గర వస్తుంది. తెల్ల కారులో రంగు పొర తన మీద పడిన వెలుతురులో ఎక్కువ భాగాన్ని తిరిగి బయటికి చిమ్ముతుంది. అంత వెలుగులో ప్రతిబింబం కలిసిపోతుంది. నల్ల కారులో లోపలికి వెళ్లిన వెలుతురు లోపలే ఇంకిపోతుంది కాబట్టి కంటికి చేరేది దాదాపుగా ఆ 4 శాతమే. నలుపు, ముదురు నీలం, మెరూన్ కార్లలో ‘లోతు’ కనిపించడానికి కారణం ఇదే. ఆ కార్ల మీదే చిన్న గీత కూడా ఎత్తి చూపినట్టు కనబడటానికీ ఇదే కారణం. తెల్ల కారు మీదా అన్ని గీతలూ ఉంటాయి, కంటికి ఆనవంతే.

ఈ లెక్క ప్రకారం మెరుపు పెరగాలంటే పైపొర నునుపుగా, చదునుగా ఉండాలి. చదునుగా ఉంటే ఆ కొద్దిపాటి వెలుతురూ చెదరకుండా ఒకే దిక్కుకు వెళ్తుంది, ప్రతిబింబం అంచులు కోసినట్టు కనిపిస్తాయి. గీతలుంటే చెదిరిపోతుంది. ఎండలో నిలబెట్టిన కారులో సూర్యబింబం చుట్టూ సన్నని గీతలు వలయాలుగా కనిపిస్తుంటాయి. కార్లకు పాలిషింగ్, కోటింగ్ పనులు చేసే డీటెయిలింగ్ వాళ్లు వాటిని స్విర్ల్స్ అంటారు. నిజానికి ఆ గీతలు గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కుల్లోనూ అడ్డదిడ్డంగా పడ్డ వేలాది గీతల్లో, సూర్యబింబానికి అడ్డంగా ఉన్నవి మాత్రమే వెలుతురును కంటివైపు తిప్పుతాయి. అందుకే అవి చుట్టూ తిరిగినట్టు అనిపిస్తాయి. మనిషి పక్కకు జరిగితే వలయాలు కూడా అతనితోపాటే జరుగుతాయి.

వంద మైక్రాన్ల మీద జరిగే పని

ఇప్పుడు వచ్చే కార్లలో ఉక్కు రేకు మీద ముందు ఫాస్ఫేట్ శుద్ధి చేస్తారు. తర్వాత బాడీ మొత్తాన్ని తొట్టెలో ముంచి, కరెంటు సాయంతో తుప్పు పట్టని పొర ఎక్కిస్తారు. దాని మీద ప్రైమర్, ఆపైన రంగునిచ్చే బేస్ కోట్, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్ కోట్. అన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దగ్గర ఉంటుంది కాబట్టి, కారు పెయింటు మొత్తం రెండు వెంట్రుకలకు మించదు. ఇందులో మెరుపునిచ్చే క్లియర్ కోట్ 35 నుంచి 50 మైక్రాన్లు. ఎండ నుంచి రంగును కాపాడే రసాయనాలు కూడా ఈ పొరలోనే ఉంటాయి.

మరి దీన్ని నునుపు చేయడం ఎలా? ప్రకాశం జిల్లా చీమకుర్తిలో బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ పలకలను పాలిష్ చేసే తీరు చూస్తే ఈ పని చప్పున అర్థమవుతుంది. ఆ నల్లరాయి మెరుపు ఏ వార్నిష్ వల్లా వచ్చింది కాదు. ముందు గరుకు రాయితో అరగదీస్తారు, అది గీతలు వదులుతుంది. కాస్త సన్నటి రాయితో ఆ గీతల్ని తీసేసి అంతకన్నా సన్నగీతలు పెడతారు. అలా దశలవారీగా వెళ్తూ, గీతల పరిమాణం కంటికి కనిపించే వెలుతురు తరంగదైర్ఘ్యం కన్నా తగ్గిపోయేదాకా రుద్దుతారు. ఆ తరంగదైర్ఘ్యం 0.4 నుంచి 0.7 మైక్రాన్లు. గీత అంతకన్నా చిన్నదైపోతే వెలుతురును చెదరగొట్టలేదు. కారు క్లియర్ కోట్ మీద కాంపౌండ్ అనే గరుకు పేస్టు, దానికన్నా సన్నటి పాలిష్ చేసే పని కూడా సరిగ్గా ఇదే. తేడా ఏమిటంటే రాతిపలక మందం సెంటీమీటర్లలో ఉంటుంది, ఇక్కడ చేతిలో ఉన్నది 40 మైక్రాన్లు.

కాంపౌండుతో గట్టిగా ఒకసారి మెషిన్ పెడితే 2 నుంచి 5 మైక్రాన్లదాకా పోవచ్చు. తేలికపాటి ఫినిషింగ్ పాలిష్‌కు ఒక మైక్రాన్, అటూ ఇటుగా. చూడటానికి చిన్న అంకెలే, కానీ పోయినది తిరిగి రాదు. పైగా క్లియర్ కోట్ బాగా పలచబడితే ఎండను ఆపే శక్తి కూడా తగ్గుతుంది. కొన్నేళ్లకు పైకప్పు మీద, బానెట్ మీద తెల్లగా పొలుసులు లేవడం మొదలవుతుంది. ఆ దశ వచ్చాక పాలిష్‌తో బాగయ్యేది లేదు, ఆ ప్యానెల్‌కు మళ్లీ పెయింటు వేయాల్సిందే. అందువల్ల కారు జీవితంలో పూర్తిస్థాయి కాంపౌండింగ్ వేళ్ల మీద లెక్కపెట్టేన్నిసార్లే జరగాలి. సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ బిల్లులో ‘రబ్బింగ్ అండ్ పాలిషింగ్’ చేర్చే అలవాటు కారుకు మేలు చేయదు.

ఈ రబ్బింగ్ అలవాటుకు ఒక చరిత్ర ఉంది. అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినిలు తిరిగిన రోజుల్లో కార్లకు విడిగా క్లియర్ కోట్ ఉండేది కాదు, రంగూ మెరుపూ ఒకే పొరలో ఉండేవి. ఎండకు పైన సుద్దలా తేలిన పొరను రబ్బింగ్ కాంపౌండుతో రుద్దితే కింది తాజా రంగు బయటపడేది. గుడ్డకు కారు రంగు అంటేది. ఆ పెయింటుకు అది సరైన వైద్యమే. పెయింటు మారింది, చేతి అలవాటు మాత్రం చాలా షెడ్లలో అలాగే ఉండిపోయింది. ఒకే ఇరుసు మీద గిర్రున తిరిగే రోటరీ మెషిన్‌కు ఉన్ని ప్యాడ్ పెట్టి, గరుకు కాంపౌండుతో ఒక్క దశలో ముగించేస్తే నీడలో బండి ధగధగలాడుతుంది. ఎండలోకి తెచ్చాక చూస్తే మెషిన్ తిరిగిన దారంతా చారలుగా కదులుతూ కనిపిస్తుంది. వీటిని హోలోగ్రామ్‌లు అంటారు. డోరు అంచులు, బానెట్ మీది మడతల దగ్గర పెయింటు పలచగా ఉంటుంది, అక్కడ రోటరీ ఒక్క క్షణం ఎక్కువ ఆగితే క్లియర్ కోట్ కాలిపోతుంది. తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డ్యూయల్ యాక్షన్ మెషిన్ అంత వేడి పుట్టించదు. టైము ఎక్కువ పడుతుంది కానీ చేయి తిరగనివాడి చేతిలో కూడా నష్టం తక్కువ.

మరో తిరకాసు కూడా ఉంది. కొన్ని పాలిష్‌లలో గీతలను తీసే గుణం కన్నా వాటిని నూనెలతో, మైనంతో నింపి కప్పేసే గుణం ఎక్కువ. నిండిన గీత వెలుతురును చెదరగొట్టదు కాబట్టి ఆ పూటకు బండి కొత్తదిలాగే ఉంటుంది. నాలుగు వాష్‌లు అయ్యేసరికి ఫిల్లర్ కొట్టుకుపోయి పాత గీతలన్నీ పైకి తేలతాయి. డీజిల్ గుడ్డతోనో కిరోసిన్‌తోనో లారీ బాడీ తుడిచే పాత పద్ధతిలోనూ ఇదే సూత్రం ఉంది, కాకపోతే ఆ జిడ్డు మీద దుమ్ము ఇంకా త్వరగా పట్టుకుంటుంది. పాలిషింగ్ నిజంగా జరిగిందా, నింపుడు జరిగిందా తేల్చడానికి సులువైన మార్గం ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను నీళ్లలో కలిపి, ఆ ప్యానెల్‌ను తుడిపించి, ఎండలోనో గట్టి ఎల్ఈడీ టార్చి వెలుగులోనో చూడాలి. కోటింగ్ వేసే ముందు మంచి డీటెయిలర్లు ఎటూ ఈ పని చేస్తారు, ఎందుకంటే నూనె ఉన్న చోట కోటింగ్ పట్టదు. కారు యజమాని సరిగ్గా ఆ సమయానికి అక్కడ ఉండి చూడటం మంచిది. ఆ క్షణంలో కారు ఎలా ఉందో కోటింగ్ తర్వాత కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది. కింద ఉన్న గీతలను కోటింగ్ తీసేయదు, వాటి మీదే గట్టిపడుతుంది.

పాలిష్‌కు ముందు శుభ్రం చేయడం కూడా పనిలో భాగమే, అది నీళ్లతో కడగడంతో అయిపోదు. బ్రేకులు అరిగినప్పుడు లేచే ఇనుప రజను వేడిగా వచ్చి పెయింటులో గుచ్చుకుంటుంది. విశాఖలో పోర్టుకు దగ్గరి కాలనీల్లో బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము ఏళ్ల తరబడి ఉన్న సమస్య. పాల్వంచ, రామగుండం వైపు థర్మల్ కేంద్రాల బూడిద. కొత్తగా తారు వేసిన రోడ్డు మీద వెళ్లొస్తే డోర్ల అడుగున నల్ల చుక్కలు. వీటికి వేరువేరు మందులున్నాయి. ఇనుప రజనుకు ఐరన్ రిమూవర్ స్ప్రే చేస్తే అది ఇనుముతో కలిసి ఊదా రంగుకు తిరుగుతూ కిందికి కారుతుంది. తారుకు దాన్ని కరిగించే ద్రవం, అంటే సాల్వెంట్. మిగిలిన మొండి రేణువులను జపాన్ నుంచి ప్రపంచమంతా పాకిన డీటెయిలింగ్ క్లే ముద్దతో, జారుడు ద్రవం చల్లుతూ లాగేస్తారు. కారు కడిగాక పలుచటి పాలిథిన్ కవర్ చేతికి తొడుక్కుని బానెట్ మీద మెల్లగా నిమిరితే, వట్టి చేతికి తెలియని గరుకు కూడా తెలుస్తుంది. ఆ గరుకు పోకుండా పాలిష్ మొదలుపెడితే, ప్యాడ్ కింద ఆ రేణువులే తిరిగి కొత్త గీతలు పెడతాయి.

పూతల్లో ఏది ఏం చేస్తుంది

అన్నిటికన్నా పాతది మైనం. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నూబా మైనం దీనికి పేరుపడింది. ముదురు రంగు కారుకు అది ఇచ్చే తడి మెరుపు ఇప్పటికీ చాలామందికి ఇష్టం, ఆ ఇష్టంలో తప్పేమీ లేదు. దాని బలహీనత వేడి. కార్నూబా కరిగేది 82 నుంచి 86 డిగ్రీల మధ్య. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన నల్ల కారు పైకప్పు అంతకు మరీ దూరంలో ఉండదు. పైగా దాన్ని మెత్తబరిచే నూనెలు, సాల్వెంట్లు అంతకన్నా ముందే ఎగిరిపోతాయి. తెలుగు నేల మీద వేసవిలో మైనం కొన్ని వారాలకు మించి నిలుస్తుందని ఆశ పెట్టుకోకూడదు.

టెఫ్లాన్ మాట ఇంకా కొంచెం విడమర్చాలి. పాలీటెట్రాఫ్లోరోఇథిలీన్ అనే ఆ పదార్థాన్ని 1938లో డ్యుపాంట్ కంపెనీలో రాయ్ ప్లంకెట్ కనుగొన్నారు. దేనికీ అంటుకోకపోవడమే దాని ప్రసిద్ధ గుణం. వంట పెనానికి అది పట్టుకునేది ఫ్యాక్టరీలో ఎంతో వేడి మీద కాల్చడం వల్ల. అది కరిగేదే 327 డిగ్రీల దగ్గర. కారు పెయింటును అంత వేడి చేసే ప్రశ్నే లేదు. కాబట్టి ‘టెఫ్లాన్ కోటింగ్’ అని వేసే దానిలో ఆ రేణువులు ఉన్నా, మెరుపునిచ్చేదీ నీటిని తోసేదీ అందులోని సిలికోన్ పాలిమర్లు, మైనాలే. అది మంచి పాలిమర్ సీలెంట్, అంటే మైనంలా పైన పూసే కృత్రిమ పూత, అయితే మూడు నాలుగు నెలలు పనిచేస్తుంది. పనికిరానిది అనడం అన్యాయం. సీలెంట్ ధరకు దొరికితే తీసుకోవచ్చు. ఏళ్ల తరబడి ఉండే కవచం అని వేలకు వేలు అడిగితే అక్కర్లేదు.

ఇక సిరామిక్. పేరును బట్టి పింగాణీ పొరేదో వేస్తారనుకోనక్కర్లేదు. సీసాలో ఉండేది సిలికాన్ రసాయనాల ద్రావణం. సిలోక్సేన్లు లేదా పాలీసిలజేన్లు అనే ఆ రసాయనాలు ఒక సాల్వెంట్‌లో కలిసి ఉంటాయి. పెయింటు మీద పలచగా పూయగానే సాల్వెంట్ ఎగిరిపోతుంది, మిగిలినది గాలిలోని తేమతో చర్య జరిపి వలలా అల్లుకుని గట్టిపడుతుంది. ఇది మైనంలా పైన కూర్చునేది కాదు, పెయింటును గట్టిగా పట్టుకుంటుంది. షాంపూకు, పెట్రోలు తుంపరలకు, ఎండ వేడికి లొంగదు. అందుకే ఒకటి నుంచి మూడేళ్లు నిలవడం సాధ్యమవుతుంది. దాని మీద నీటిబొట్టు 100 నుంచి 110 డిగ్రీల కోణంలో గుండ్రంగా నిలబడి జారిపోతుంది, మట్టి కూడా సులువుగా వదులుతుంది. కడగడానికి పట్టే శ్రమ, రాపిడి రెండూ తగ్గుతాయి. సిరామిక్ చేసే అసలు మేలు ఇదే. మంచి మేలే. మెరుపును పుట్టించకపోయినా పుట్టిన మెరుపును ఎక్కువకాలం నిలబెట్టుకునే వీలిస్తుంది.

గీతల సంగతి మాత్రం వేరు. ప్రకటనల్లో కనిపించే ‘9హెచ్’ అనేది పెన్సిల్ కొలత. వేర్వేరు గట్టిదనాల పెన్సిళ్ల ముక్కును పూత మీద నిర్ణీత బరువుతో నెట్టి, ఏ పెన్సిల్‌కు గీత పడిందో చూసే పరీక్ష అది. 9హెచ్ ఆ వరుసలో అన్నిటికన్నా గట్టి పెన్సిల్. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలుతో దీనికి సంబంధం లేదు. అక్కడ 9 అంటే కెంపు, నీలం రాళ్లు. చాలామంది అమ్మకందారులు ఈ రెంటి మధ్య తేడాను చెప్పరు, కొనేవాళ్లు అడగరు. మన రోడ్ల దుమ్ములో ఎక్కువగా ఉండే ఇసుక రేణువు క్వార్ట్జ్, దాని గట్టిదనం మోస్ స్కేలు మీద 7. పెన్సిల్ ముక్కుకు తట్టుకున్న పొర ఈ రేణువుకు తట్టుకోదు. పైగా సిరామిక్ పొర మందం ఒకటి రెండు మైక్రాన్లు, తరచూ అంతకన్నా తక్కువ. ఎంత గట్టిదైనా అంత పలచటి పొర ట్రాఫిక్‌లో పక్కనుంచి దూసుకొచ్చే బైక్ హ్యాండిల్‌ను, పిల్లల సైకిల్ పెడల్‌ను, లారీ టైరు విసిరే కంకరను ఆపలేదు.

ఈ మందం నుంచే ఇంకో లెక్క బయటికొస్తుంది. మధ్యరకం కారు బయటి పెయింటు విస్తీర్ణం సుమారు 10 చదరపు మీటర్లు అనుకుందాం. దాని మీద ఒక మైక్రాన్ పొర అంటే మొత్తం 10 మిల్లీలీటర్ల పదార్థం, రెండు టీ చెంచాలు. సీసాలు 30, 50 మిల్లీలీటర్లలో రావడానికి కారణం ఇదే, ఎగిరిపోయే సాల్వెంట్ పోగా మిగిలేది కొంచెమే. నగరాల్లో సిరామిక్‌కు 15 వేల నుంచి 40 వేల రూపాయలదాకా అడుగుతారు. ఆ సొమ్ము రెండు చెంచాల ద్రవానికి కాదు, దాని కింద జరగాల్సిన పాలిషింగ్ పనికి. అందుకని ఏ బ్రాండ్, ఎన్నేళ్ల వారంటీ అని అడిగే ముందు, పాలిషింగ్ ఎన్ని దశల్లో చేస్తారు, ఎన్ని గంటలు పడుతుంది, పెయింటు మందం కొలిచే గేజ్ ఉందా అని అడగాలి. గేజ్ లోహం మీది పొరల మొత్తం మందం చెబుతుంది. ఒక డోరు 110 మైక్రాన్లు చూపించి పక్క డోరు 250 చూపిస్తే అది ఎప్పుడో మళ్లీ పెయింటు వేసిందన్నమాట. వెయ్యి దాటితే కింద పుట్టీ ఉన్నట్టే. ఉదయం కారు తీసుకుని సాయంత్రానికి ‘ఐదేళ్ల సిరామిక్’ చేసి ఇచ్చేస్తామంటే పాలిషింగ్ నామమాత్రంగా జరిగి ఉంటుంది, లేదా జరిగే ఉండదు.

వాతావరణం కూడా ఈ పనిలో జోక్యం చేసుకుంటుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద వేస్తే సాల్వెంట్ మరీ త్వరగా ఆరిపోయి, తుడిచేలోపే పూత మచ్చలుగా గట్టిపడుతుంది. వానాకాలంలో కోస్తా తేమలో చర్య వేగంగా జరిగిపోయి మసక తేలే ప్రమాదం ఉంది. అలా గట్టిపడిన మచ్చలను మళ్లీ పాలిష్ పెట్టే తీయాలి. ఏసీ ఉన్న, దుమ్ము చొరబడని గది కావాలనేది ఆడంబరం కోసం కాదు. పూత వేశాక కనీసం ఒక రోజు నీరు తగలకూడదు, వారంపాటు షాంపూ పెట్టకూడదు అనే జాగ్రత్త కూడా ఈ చర్య పూర్తికావడం కోసమే.

గ్రాఫీన్ కోటింగ్ అని ఇప్పుడు ఇంకాస్త ఎక్కువ ధరకు వస్తున్నది కూడా ప్రధానంగా ఇదే సిలికా కుటుంబం, అందులో కొద్దిగా గ్రాఫీన్ ఆక్సైడ్ అనే కార్బన్ పదార్థం కలిపి ఉంటుంది. పేరు చూసి రెట్టింపు ఇవ్వడానికి కారణం కనిపించదు.

నీళ్లు, పిట్టలు, మామిడి చెట్టు

మన ఊళ్లలో కారు మెరుపుకు ఎండ కన్నా ముందు ఎసరు పెట్టేది నీళ్లే. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం నీటి కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుంటే మేలు, వేరే నీరు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. చాలా అపార్ట్‌మెంట్ల బోరు నీళ్లు ఈ రెండు అంకెల మధ్య, కొన్నిచోట్ల పై అంకె దాటి ఉంటాయి. బకెట్ల లోపల, కుళాయిల మీద తెల్లటి పొర పేరుకునే నీళ్లు బానెట్ మీద ఆరితే అక్కడా అదే మిగులుతుంది. కోటింగ్ ఉన్న కారుకు ఇది ఎక్కువ అవుతుందే తప్ప తగ్గదు. మామూలు పెయింటు మీద నీరు పలచగా పరుచుకుని ఆరుతుంది. కోటింగ్ మీద గుండ్రటి బొట్టుగా నిలబడి ఆరుతుంది కాబట్టి, అందులోని సున్నం మొత్తం ఒక చిన్న ఉంగరంగా అచ్చు పడుతుంది. బొట్లు బొట్లుగా నిలిచిన నీటి ఫొటోలు ఎంత అందంగా ఉన్నా, ఆ బొట్లను ఎండలో వదిలేయకూడదు. తాజా మరకలకు తెల్ల వెనిగర్‌ను నీళ్లలో కలిపి అద్ది, వెంటనే కడిగేస్తే సున్నం కరుగుతుంది. అయితే గ్రానైట్ నేలల్లోని బోరు నీళ్లలో కరిగిన సిలికా కూడా ఉంటుంది. అది ఎండి గట్టిపడితే వెనిగర్‌కు కరగదు, చివరికి మెషిన్ పాలిష్ దాకా వెళ్లాల్సి వస్తుంది. నీడలో కడగడం, కడిగిన వెంటనే మంచి టవల్‌తో తడి లేకుండా ఆరబెట్టడం మించిన ఉపాయం దీనికి లేదు.

పిట్టల రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది, పైగా అది ఎండుతూ బిగుసుకుంటుంది. వేడికి మెత్తబడిన క్లియర్ కోట్ రాత్రి చల్లబడి ముడుచుకునేటప్పుడు ఆ మరక కింద ఉపరితలం గుంటపడుతుంది. సిరామిక్ కొన్ని గంటల వ్యవధి ఇస్తుంది, రోజుల వ్యవధి కాదు. ఎండిన రెట్టను గోటితో గీకకుండా, తడి గుడ్డను కాసేపు దాని మీద ఉంచి నానాక ఎత్తెయ్యాలి.

చెట్టు నీడ మంచిదే, కానీ మామిడి చెట్టుకు పూత వచ్చే రోజుల్లో కాదు. పూత మీద చేరే తేనెమంచు పురుగులు తియ్యటి జిగురును విడుస్తాయి. సంక్రాంతి తర్వాత మామిడి కింద రాత్రంతా ఉన్న కారు మీద తెల్లారేసరికి సన్నటి జిగట చుక్కలు కనిపించేది అందుకే. దాని మీద దుమ్ము, తర్వాత నల్లటి మసి బూజు చేరతాయి. ఆ రోజుకు ఆ రోజు గోరువెచ్చటి నీళ్లతో పోతుంది. వారం ఆగితే పోదు.

వాహన పూజ మాట కూడా ఇక్కడ చెప్పుకోవాలి. బానెట్ మీద పసుపు కుంకుమలతో బొట్టు పెట్టని కొత్త కారు మన దగ్గర అరుదు, అది ఉండాల్సిన సంప్రదాయమే. పసుపు మరక గురించి భయం అక్కర్లేదు, అందులోని రంగు పదార్థం ఎండకు దానంతటదే విరిగిపోతుంది. బజారు కుంకుమలో కలిపే కృత్రిమ రంగులు మాత్రం తెల్ల కారు మీద గులాబీ నీడ వదిలేయగలవు. కొబ్బరినీళ్లు, నిమ్మరసం ఎండలో ఆరితే మరక పడుతుంది. బొట్టు అద్దం మీదో నంబర్ ప్లేటు మీదో పెట్టడం, బానెట్ మీదే పెట్టాలనుకుంటే సాయంత్రానికల్లా పుష్కలంగా నీళ్లు పోసి కడిగేయడం, ఇంతే చేయాల్సింది. పొడి గుడ్డతో మాత్రం తుడవకూడదు.

ఫిల్మ్ ఎవరికి కావాలి

రాళ్ల దెబ్బలు, పైపై గీతలు నిజంగా ఆగాలంటే మైక్రాన్ మందం పూతలు చాలవు, పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) అనే ఫిల్మ్ కావాలి. ఇది థర్మోప్లాస్టిక్ పాలీయూరథేన్‌తో చేసిన పారదర్శకమైన పొర, మందం 150 నుంచి 200 మైక్రాన్లు. అంటే పెయింటు మొత్తం కన్నా మందం. దాని పై పూతలో పడిన సన్నగీతలు ఎండ వేడికో వేడినీళ్లకో తమంతట తామే కలిసిపోతాయి. కారు మొత్తానికి వేయిస్తే ఖర్చు లక్ష రూపాయల చుట్టూ మొదలై పైకి వెళ్తుంది. తక్కువకు ఇస్తామంటే అది పీవీసీ ఫిల్మ్ అయ్యుండొచ్చు, అది కొన్నాళ్లకు పసుపెక్కి, పెళుసై, ఊడదీసేటప్పుడు ప్రాణం తీస్తుంది. తరచూ విజయవాడ హైవే మీదో బెంగళూరు హైవే మీదో తిరిగేవాళ్లు ముందు బంపర్, బానెట్, సైడు అద్దాల వెనక భాగానికి మాత్రం వేయించుకోవడం మధ్యే మార్గం. రాళ్లు తగిలేది ఎక్కువగా అక్కడే. రంగు బాగా పాతబడిన, ఒకటి రెండుసార్లు మళ్లీ పెయింటు పడిన కారుకు ఫిల్మ్ వేయించడం దండగ. తీసేటప్పుడు ఆ పెయింటు కూడా దాంతోపాటే లేచి రావచ్చు.

రోజూ ఎండలో, దుమ్ములో, వీధి పక్కన ఉండే తెల్ల కారుకు సిరామిక్ తప్పనిసరేమీ కాదు. కొన్న కొత్తలో ఒక తేలికపాటి పాలిష్, మూడు నెలలకోసారి ఇంట్లోనే చల్లి తుడుచుకునే స్ప్రే సీలెంట్ చాలు. ముదురు రంగు కారు, నీడలో పార్కింగ్, సరిగ్గా కడిగే ఓపిక ఉన్నవాళ్లకు సిరామిక్ పెట్టిన డబ్బుకు ఫలితం ఇస్తుంది. నీడ ఉందా అన్నదాని కన్నా, సరిగ్గా కడుగుతారా అన్నదే ఇందులో పెద్ద షరతు.

తెల్లవారుజామున అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కార్లు తుడిచే మనిషి చేతిలో ఒక బకెట్, ఒక పాత గుడ్డ ఉంటాయి. అతను గంటన్నరలో ఇరవై కార్లు ముగించాలి. మొదటి కారు దుమ్ము రెండో కారు మీదికి, రెండోదాని ఇసుక మూడోదాని మీదికి వెళ్తుంది. గుడ్డ మడతలో చిక్కుకున్న క్వార్ట్జ్ రేణువు తుడిచిన ప్రతిసారీ ఒక గీత గీస్తుంది. ఏడాదికి మూడు వందల సార్లు. 40 వేల కోటింగ్ వేయించిన కారు ఆరు నెలల్లో మసకబారిందంటే చాలాసార్లు కారణం ఇదే, కోటింగ్ కంపెనీ కాదు. ఆ మనిషి తప్పు కూడా కాదు. కారుకు నెలకు కొన్ని వందలు ఇచ్చి, రోజూ తళతళలాడాలని అడిగితే అంతకన్నా వేరే పద్ధతికి అతనికి టైము ఉండదు. పొడి దుమ్ము మీద ఈకల డస్టర్ లాగడం, దుమ్ము పట్టిన కారుకే బాడీ కవర్ కప్పి గాలికి ఊగనివ్వడం కూడా ఇదే హాని చేస్తాయి.

దీన్ని మార్చడం పెద్ద ఖర్చు కాదు. రోజూ తుడవడం మానేసి వారానికి ఒకటి రెండుసార్లు సరిగ్గా కడగమని, దానికి తగ్గట్టు జీతం పెంచి ఇవ్వాలి. ముందు నీళ్లు ధారగా పోసి వదులు దుమ్మును దింపేయాలి. తర్వాత ఒక బకెట్‌లో కారు షాంపూ, రెండో బకెట్‌లో మామూలు నీళ్లు. చేతికి తొడుక్కునే మైక్రోఫైబర్ మిట్‌ను షాంపూలో ముంచి, పైకప్పు నుంచి కిందికి, గుండ్రంగా కాకుండా నేరుగా లాగుతూ, ఒక్కో ప్యానెల్ అయ్యాక రెండో బకెట్‌లో జాడించాలి. డోర్ల అడుగు భాగం, చక్రాలు చివర్లో, వాటికి వేరే గుడ్డ. బట్టల సబ్బు పొడి, గిన్నెల లిక్విడ్ వాడకూడదు, అవి మైనాన్ని, సీలెంట్‌ను కడిగేస్తాయి. నీళ్లకు కరువున్న చోట, 2024 మార్చిలో బెంగళూరులో తాగునీటితో కార్లు కడిగితే 5 వేల జరిమానా అన్నలాంటి పరిస్థితుల్లో, తర్వాత నీళ్లు పోసి కడగనక్కర్లేని రిన్స్‌లెస్ వాష్ ద్రావణాలు పనికొస్తాయి. అర బకెట్ నీళ్లలో కలిపి, అరడజను మైక్రోఫైబర్ గుడ్డలు అందులో నానబెట్టి, ఒక్కో ప్యానెల్‌కు శుభ్రమైన ముఖం తిప్పుకుంటూ తుడిస్తే సరిపోతుంది. బండి మీద మందంగా మట్టి ఉంటే మాత్రం ఇది పనికిరాదు, ముందు నీళ్లు కొట్టాల్సిందే.

ఆ గుడ్డలు కారు యజమానే కొని ఇవ్వడం మేలు, అప్పుడవి మరో కారు మీదికి వెళ్లవు. నూలు బట్టలతో కలపకుండా విడిగా, లిక్విడ్ డిటర్జెంట్‌తో ఉతకాలి. ఫ్యాబ్రిక్ కండిషనర్, బ్లీచింగ్ వేస్తే వాటి పోగులు పాడై నీరు పీల్చవు. నేల మీద పడిన గుడ్డను మళ్లీ పెయింటుకు తాకించకుండా చక్రాల కోసం పక్కన పెట్టేయాలి.